కూల్చిన ఇంటి లెక్క

మా శ్రీనగర్ కాలనీలో ఇళ్ళను ముసలివి కానివ్వడం లేదు. నలభై, యాభై ఏళ్ళ కిందట కట్టిన డాబాలు వీధికొకటో రెండో మిగిలాయి. ముందు వరండా, పక్కన నీళ్ళ సంపు, ప్రహరీ మీదుగా వీధిలోకి వంగిన మామిడికొమ్మ, పైన ఒంటిగది. సారథీ స్టూడియో ఇక్కడికి నడిచి వెళ్ళేంత దూరం. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలివస్తున్న కాలంలో రచయితలు, సంగీతం వాళ్ళు, ఎడిటర్లు ఈ డాబాల్లో వాటాలు అద్దెకు తీసుకున్నారు. కథాచర్చలు ఆ వరండాల్లోనే నడిచాయి. తర్వాత కలిసొచ్చినవాళ్ళు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టలెక్కారు. ఇంటివాళ్ళ పిల్లలు అమెరికా వెళ్ళారు. ఇళ్ళు బిల్డర్ల చేతికొచ్చాయి. ఇవాళ ఒక ఇంటి చుట్టూ పచ్చటి గుడ్డ కట్టారంటే, ఆ జాగాలో త్వరలో ఉత్త ఆకాశం కనిపిస్తుందని అర్థం.

కొత్త ఇల్లు లేస్తుంటే నిలబడి చూసేవాళ్ళు చాలామంది. నాకు మాత్రం పాత ఇల్లు దిగుతుంటే చూడటం అలవాటు. దానికొక క్రమం ఉంది. ముందు టేకు తలుపులు, ద్వారబంధాలు, కిటికీలు పోతాయి. తర్వాత ఇనుప గ్రిల్సు, గేటు, నీటి గొట్టాలు, కరెంటు తీగలు. ఆ తర్వాత జేసీబీ వస్తుంది. స్లాబు పగలగొట్టి, అందులోని కడ్డీని గ్యాస్ కట్టర్‌తో కోసి, వంకరలు తీసి, కట్టలు కట్టి పాత ఇనుము దుకాణానికి పంపుతారు. ఈ కలప కోసం, ఈ ఇనుము కోసం కూల్చే కాంట్రాక్టరు చాలాసార్లు ఇంటివాళ్ళకే ఎదురు డబ్బిస్తాడు. ఇంతా అయ్యాక మిగిలేది ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్ళలు, సున్నం, మట్టి. మన హైదరాబాదులో అందరూ మలబా అనేది దాన్నే. బరువులో ఇంట్లో ఎక్కువ భాగం అదే. ధర లేనిదీ అదే.

ఒకసారి ఒక మేస్త్రీని అడిగాను, ఈ మలబా ఎక్కడికి పోతుందని. "పల్లం ఎక్కడుంటే అక్కడికి సార్" అన్నాడు. నిజాయితీగల జవాబు. హైదరాబాదులో పల్లం అంటే ఏమిటి? గుట్టల మీద పడిన వాన దిగివచ్చే దారి. నాలా పక్క, కుంట అంచు, చెరువు శిఖం. పై వీధి గోడ కింది వీధి నీటిదారిలో పడుతుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు ఊరి కాలనీలు ఎలా మునిగాయో మనం చూశాం. ఆ వరదకు కారణాలు అనేకం ఉండవచ్చు. నీరు పోవలసిన చోట ఇటుక ముక్కలు పోసుకున్నది మాత్రం మనమే.

కేంద్రప్రభుత్వ సంస్థ టైఫాక్ చాలాకాలం కిందట ఒక అంచనా కట్టింది. కొత్త కట్టడం కట్టేటప్పుడు చదరపు మీటరుకు 40 నుంచి 60 కిలోల వ్యర్థం వస్తుంది. కట్టడాన్ని కూలిస్తే 300 నుంచి 500 కిలోలు. మా వీధిలో రెండువేల చదరపుటడుగుల డాబా అంటే సుమారు 185 చదరపు మీటర్లు. అంటే యాభై అయిదు నుంచి తొంభై టన్నుల మలబా. ఒక్క కుటుంబం ఒక్క తరంలో కట్టుకున్న ఇల్లు ఆరేడు టిప్పర్లకు తక్కువ కాదు. దాన్ని వీధులతోనూ, కాలనీలతోనూ హెచ్చించి చూసుకోవాలి.

ఇది తీరని సమస్య అనుకుంటే పొరపాటు. 2016 మార్చిలోనే నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలకు దేశమంతటా వర్తించే నియమాలు వచ్చాయి. రోజుకు 20 టన్నులు గానీ, ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు గానీ దాటితే కాంక్రీటు వేరుగా, మట్టి వేరుగా, ఇటుక-సున్నం వేరుగా, ఇనుము-కలప-ప్లాస్టిక్ వేరుగా పెట్టి అప్పగించాలని అవి చెప్పాయి. ప్రభుత్వ పనుల్లో ఇలా తయారైన సామగ్రిని పది నుంచి ఇరవై శాతం వాడాలని కూడా వాటిలో రాశారు. అదే ఏడాది భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 383ని సవరించి, పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరకు ద్వారం తెరిచింది. కడ్డీ లేని కాంక్రీటులో పాతిక శాతం, ఎం25 గ్రేడు దాకా కడ్డీ ఉన్న కాంక్రీటులో ఇరవై శాతం, పునాది కింద పరిచే పలచటి కాంక్రీటులో పూర్తిగా వాడుకోవచ్చు. 2020లో జీడిమెట్లలో, ఆ తర్వాత నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో రోజుకు 500 టన్నులేసి మలబాను మలిచే కేంద్రాలు లేచాయి. అక్కడ పెళ్ళలను నలగ్గొట్టి, కడిగి, జల్లెడ పట్టాక అవి ఇసుకగా, కంకరగా, పేవర్లుగా, కాలిబాట అంచు రాళ్ళుగా, ఇటుకలుగా బయటికి వస్తాయి. 2025లో కేంద్రం ఇంకో అడుగు వేసి కొత్త నియమాలు తెచ్చింది. 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవాళ్ళ మీద ఆ వ్యర్థం గతి చూసే బాధ్యత పెట్టింది. 2026 ఏప్రిల్ నుంచి అమలు.

ఇరవైవేల చదరపు మీటర్లంటే ఆకాశహర్మ్యాల మాట. మా కాలనీలో అయిదారు వందల గజాల్లో లేచే అయిదంతస్తుల కట్టడాలకు ఆ బరువు తగలదు. హైదరాబాదు మలబాలో ఎంతో భాగం ఇలాంటి చిన్నచిన్న జాగాల నుంచి, రాత్రిపూట, ఒక్కో టిప్పరుగా బయలుదేరేదే. ఇక కొనుగోలు సంగతి చూస్తే ఇంకా నిరుత్సాహం. బిల్డరు అడగడు. ఇంజినీరు రాయడు. ఫ్లాటు కొనేవాళ్ళు "పాత కంకరా?" అని మొహం చిట్లిస్తారు. పాత కంకర మీద అంటుకున్న సిమెంటు పొర వల్ల అది నీరు ఎక్కువ పీల్చుకుంటుంది. కాబట్టి కలిపే ముందు తడిపి పెట్టుకోవాలి. ఇటుకను తడపకుండా గోడ కట్టని మేస్త్రీకి ఇదేమీ కొత్త విద్య కాదు. రాయిని నలగ్గొట్టి చేసే రోబో శాండ్ వచ్చిన కొత్తలో కూడా ఇలాగే అనుమానించారు. ఇవాళ అది మామూలైపోయింది.

అంటే నియమం ఉంది, యంత్రం ఉంది, ప్రమాణం ఉంది. అడిగే గొంతు లేదు. నన్ను చాలాకాలంగా పట్టుకున్న ఆలోచన ఇక్కడే మొదలవుతుంది. మన తెలుగునేల మీద పెద్ద పెద్ద కోరికలను గట్టిగా అడిగినవాళ్ళు ఎక్కువగా విద్యార్థులు. వాళ్ళు ఏమేమి అడిగారు, ఏమి అడగలేదు?

1966ను తలుచుకుంటే నాకు రెండు ఊళ్ళు పక్కపక్కన కనిపిస్తాయి. ఆ ఆగస్టు 18న బీజింగు తియానన్మెన్ మైదానంలో మావో లక్షలాది యువకుల ముందు నిలబడ్డాడు. పాత భావాలు, పాత సంస్కృతి, పాత ఆచారాలు, పాత అలవాట్లు, ఈ నాలుగింటినీ తుడిచిపెట్టమని రెడ్ గార్డులనే ఆ యువకులకు పిలుపు. నవంబరులో బీజింగ్ నార్మల్ యూనివర్సిటీ విద్యార్థుల దళం ఒకటి కన్ఫ్యూషియస్ పుట్టిన చుఫూకు వెళ్ళి అక్కడి శిలాఫలకాలను ముక్కలు చేసింది, సమాధులను తవ్వింది. ఆ పిల్లల్లో అన్యాయం మీద కోపం లేదనను. ఆ కోపాన్ని పైనున్నవాళ్ళు సుత్తిగా వాడుకున్నారు. విరిగిన రాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు.

అదే ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో విశాఖపట్నంలో మన విద్యార్థులు ఒక కర్మాగారం కావాలని వీధికెక్కారు. అక్టోబరు 15న ఉద్యమకారుడు అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, మెడికల్ కాలేజీ విద్యార్థులు సమ్మె చేశారు. నవంబరు 1న పోలీసు కాల్పులు జరిగాయి. మొత్తం ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేనాటికి 1992 ఆగస్టు వచ్చింది. ఉద్యమంలో నినాదాలిచ్చిన కుర్రవాడు అప్పటికి నడివయసుకు చేరాడు. 2021 జనవరిలో ఆ కర్మాగారంలో పెట్టుబడి మొత్తం ఉపసంహరించాలని కేంద్రం నిర్ణయించినప్పుడు విశాఖ మళ్ళీ రోడ్డెక్కింది. ప్రాణాలిచ్చి తెచ్చుకున్నదాన్ని ఊరు అంత తేలికగా వదులుకోదు.

విశాఖలో నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ ఉక్కుతో పాటు వచ్చిన ఇంకొకటి. బ్లాస్ట్ ఫర్నేసులో టన్ను ఇనుము కరిగితే సుమారు 300 నుంచి 400 కిలోల చిట్టెం తేలుతుంది. స్లాగ్ అంటారు. అలాగే చల్లారనిస్తే అది ఉత్త రాయి, కొండలా పేరుకుంటుంది. కరిగి ఉన్నప్పుడే బలమైన నీటిధారతో కొడితే ఇసుకలా పలుకులవుతుంది. ఆ పలుకులను మెత్తగా నూరి సిమెంటులో కలిపితే అది కూడా గట్టిపడుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 455 ప్రకారం స్లాగ్ సిమెంటులో పాతిక నుంచి డెబ్భై శాతం దాకా ఈ చిట్టెమే ఉండవచ్చు. సముద్రపు ఉప్పుగాలికి, ఉప్పునేలకు అది మామూలు సిమెంటు కన్నా బాగా తట్టుకుంటుంది కూడా. కొలిమి పారేసింది తీరప్రాంతపు ఇళ్ళకు కవచమైంది. నినాదాలిచ్చినవాళ్ళు అడిగింది ఉక్కు. చిట్టెం సంగతి ఆనాడు ఎవరి నోటా వచ్చి ఉండదు.

ఆ ఊళ్ళోనే ఇంకో కథ ఉంది. తెలుగువాళ్ళు చాలినంత గర్వంగా చెప్పుకోని కథ అది. బొగ్గు కాల్చి కరెంటు తీసే కేంద్రాల నుంచి బూడిద వస్తుంది. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, తర్వాత పరవాడ సింహాద్రి, ఎక్కడ చూసినా బూడిద చెరువులు. గాలి వీస్తే చుట్టుపక్కల ఊళ్ళలో బియ్యం చేటలో కూడా అదే. విశాఖలో ఇన్స్వారెబ్ అనే సంస్థ నడిపిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ ఈ బూడిదను ఇటుకగా మార్చే దారి కనిపెట్టారు. బూడిద, సున్నం, జిప్సం, ఈ మూడింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో దానికి ఫాల్-జి అని పేరు పెట్టారు. బట్టీ లేదు, మంట లేదు. కలిపి, అచ్చుపోసి, నీళ్ళు పట్టడమే. సున్నంతో బూడిద మెల్లగా బిగుసుకుంటుంది. జిప్సం ఆ బిగువును తొందరపెడుతుంది. పొలాల పైమట్టి తియ్యక్కర్లేదు. ఊకో బొగ్గో కాల్చక్కర్లేదు. పెద్ద పెట్టుబడి లేని మనిషి కూడా ఊరి చివర ఒక షెడ్డు వేసుకుని మొదలుపెట్టవచ్చు. దేశమంతటా వేలమంది అదే చేశారు. 1999లో కేంద్రం థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకల్లో బూడిద కలపాలని ఉత్తర్వు ఇవ్వడం, ఆ తర్వాత ఆ పరిధిని యాభై కిలోమీటర్ల నుంచి క్రమంగా మూడువందలకు పెంచడం కూడా తోడయ్యాయి. ఇవాళ మా కాలనీలో లేచే గోడల్లో బూడిద రంగు ఇటుక చూసి ఎవరూ మొహం చిట్లించరు.

మన తాతల మేస్త్రీలకు ఈ తత్వం తెలుసు. గానుగలో సున్నం నూరేటప్పుడు పగిలిన ఇటుకల పొడి కలిపేవారు. సుర్ఖీ అనేవారు దాన్ని. కాల్చిన మట్టి, సున్నం, నీరు: బిగుసుకునే గుణం అక్కడా ఇదే. పగిలిన ఇటుకను పారెయ్యాలన్నది ఆ చేతులకు తట్టని ఆలోచన.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. దాన్ని దాచి మలబా గురించి మాట్లాడటం మోసం. ఫాల్-జికి ప్రాణం పోసే జిప్సమే పాత కాంక్రీటు కంకరలో కలిస్తే చేటు చేస్తుంది. అందులోని సల్ఫేటు సిమెంటుతో కలిసి లోపల ఉబ్బి, కాంక్రీటును నెర్రెలు వారుస్తుంది. మా చుట్టుపక్కల అపార్టుమెంట్లలో ఫాల్స్ సీలింగు లేని హాలు లేదు. అదంతా జిప్సం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్. కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ వైపు సినిమా సెట్లలో స్తంభాలు, శిల్పాలు, కోటగోడలు కూడా చాలావరకు అదే ప్లాస్టరు, ప్లైవుడ్డు, థర్మోకోల్. కాబట్టి జేసీబీ దించక ముందే సీలింగు వేరు చెయ్యాలి. అంతా కలగలిపేశాక జీడిమెట్లలో ఎంత మంచి యంత్రమున్నా దాని చేతుల్లో ఉండేది తక్కువ. వేరుచేయడమనేది కూల్చే రోజు, కూల్చే చోట జరగాలి. ఆ పనికి ఇద్దరు కూలీలు, ఒకటి రెండు రోజులు చాలు. ఆ కూలి ఎవరు ఇవ్వాలన్న దగ్గరే అంతా ఆగిపోయింది.

సెట్టు పనివాళ్ళను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. వాళ్ళు కట్టేదంతా రేపు విప్పడానికే అని తెలిసి కడతారు. మేకు ఎక్కడ కొడితే సులువుగా ఊడుతుందో, ఏ ఫ్రేము ఇంకో సినిమాకు పనికొస్తుందో ముందే చూసుకుంటారు. సర్వీ కర్రలు, ఇనుప గొట్టాలు, ప్లైవుడ్డు లెక్కపెట్టి గోడౌనుకు చేరుస్తారు. శాశ్వతమనుకుని కట్టిన మన డాబాలకు నలభై ఏళ్ళకే జేసీబీ వచ్చింది. అవి ఒకనాడు విప్పాల్సి వస్తుందన్న ఊహ కూడా మనకు కట్టేటప్పుడు లేదు.

మళ్ళీ చైనాకు వెళతాను. 1966లో విరగ్గొట్టిన చైనా తర్వాతి దశాబ్దాల్లో అంతకన్నా ఎక్కువ కూల్చింది, ఈసారి అభివృద్ధి పేరుతో. తూర్పు తీరాన నింగ్బోలో ఊళ్ళు ఖాళీ చేయించి నేల చదును చేసిన చోట వాంగ్ షు అనే వాస్తుశిల్పి చరిత్ర మ్యూజియం కట్టాడు. 2008లో తెరిచారు. ఆ గోడల్లో ఉన్నది కూల్చిన ఊళ్ళ ఇటుకలు, పెంకులు. తుఫాను పోయాక చేతికందిన పెంకు ముక్కలతో గోడ లేపడం అక్కడి పాత మేస్త్రీల పద్ధతి. వాంగ్ షు వాళ్ళనే పిలిచి పని చేయించాడు. హాంగ్‌ఝౌలో తాను పాఠాలు చెప్పే కళాశాల ప్రాంగణం కప్పులకు కూల్చిన ఇళ్ళ పెంకులు ఇరవై లక్షలకు పైగా వాడాడు. తమ తాతల కాలపు పెంకు కింద కూర్చుని చదువుకున్న విద్యార్థికి 1966 నాటి విద్యార్థికి ఇచ్చిన పాఠం ఇవ్వడం కష్టం. 2012లో వాంగ్ షుకు వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

సిచువాన్‌లో 2008 మే 12న భూకంపం వచ్చినప్పుడు బళ్ళు కూలి వేలమంది పిల్లలు చనిపోయారు. పక్కనున్న ప్రభుత్వ కార్యాలయాలు నిలబడి బడి ఎందుకు కూలిందని తల్లిదండ్రులు అడిగారు. వాళ్ళ నోళ్ళు మూయించారు. కళాకారుడు ఐ వెయ్‌వెయ్ స్వచ్ఛంద కార్యకర్తలతో ఊరూరా తిరిగి అయిదువేలకు పైగా పిల్లల పేర్లు సేకరించాడు. కూలిన బళ్ళ నుంచి తీసిన వంకర కడ్డీలను ఒక్కొక్కటే సాపు చేయించి ప్రదర్శనకు పెట్టాడు. అదే శిథిలాల్లో చెంగ్డూ వాస్తుశిల్పి లియు జియాకున్ ఇంకో పని చేశాడు. పెళ్ళలను నలగ్గొట్టి, గోధుమ గడ్డి, సిమెంటు కలిపి, అక్కడికక్కడే చిన్న యంత్రాలతో ఇటుకలు పోయించాడు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు తమ ఇంటి ముక్కలతోనే మళ్ళీ కట్టుకోగలగాలని అతని ఆలోచన. వాటిని పునర్జన్మ ఇటుకలు అన్నాడు. 2025లో అతనికీ ప్రిట్జ్‌కర్ ఇచ్చారు. ఐ వెయ్‌వెయ్, లియు ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే నేను చెప్పలేను. ఒకరు శిథిలాన్ని సాక్ష్యంగా నిలబెట్టారు, ఇంకొకరు గోడగా. శిథిలానికి ఆ రెండూ కావాలి. ఇది ఎవరి ఇల్లు, ఎందుకు కూలిందని అడగకుండా ఇటుక మాత్రం చేసుకుంటే అది సగం పనే.

అడగడం అనేసరికి నాకు గుర్తొచ్చేది తైవాన్. నేను చదువుకునే రోజుల్లో మన హాస్టల్ గదుల్లో చైనా ప్రచురణలు చేతులు మారేవి. వేసవి సెలవుల్లో రాడికల్ విద్యార్థులు గ్రామాలకు తరలండి అంటూ ఊళ్ళకు వెళ్ళేవారు. వాళ్ళలో ఎందరు తిరిగిరాలేదో మన తరానికి తెలుసు. ఆ దారితో నేను ఏకీభవించలేదు. ఊరి దగ్గరికి వెళ్ళి చూడాలన్న ఆ తపనను మాత్రం ఎప్పుడూ తక్కువ చెయ్యలేను. దాదాపు ఆ కాలంలోనే, 1986 వేసవిలో, తైవాన్ జాతీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు కొందరు లుగాంగ్ అనే పాత రేవు పట్నానికి వెళ్ళారు. అక్కడ డ్యూపాంట్ కంపెనీ టైటానియం డయాక్సైడ్ కర్మాగారం పెడతానంది. ఊరివాళ్ళు వద్దన్నారు. అప్పటికి ఆ ద్వీపంలో సైనికశాసనం ఇంకా ఎత్తెయ్యలేదు. ఈ విద్యార్థులు చేసిందల్లా ఇంటింటికి వెళ్ళి ప్రశ్నలడిగి జవాబులు రాసుకోవడం. మరుసటి ఏడాది మార్చిలో కంపెనీ ఆ ఊరు వదిలేసింది. జులైలో సైనికశాసనం పోయింది. 1990 మార్చిలో అక్కడి విద్యార్థులు రాజధాని నడిబొడ్డున కూర్చుని దేశాధ్యక్షుణ్ణి జనమే ఎన్నుకోవాలని అడిగారు. 1996లో ఎన్నుకున్నారు. ఊరి గురించి, నేల గురించి అడగడం నేర్చిన నోరు ఓటు గురించి కూడా అడిగింది. మన విద్యార్థులు చైనా నుంచి 1966ను తెచ్చుకున్నారు. లుగాంగ్‌ను తెచ్చుకోలేదు.

తెచ్చుకోలేరని కాదు. 1969, 1972 ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాల వేడి చల్లార్చడానికి 1973లో ఆరు సూత్రాల పథకం పెట్టారు. అందులో ఒక సూత్రం వల్ల 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. విద్యార్థుల పోరాటం వల్ల పుట్టిన ఆ విశ్వవిద్యాలయం పక్కనే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు అమ్మకానికి చదును చేయాలని 2025 మార్చి చివర జేసీబీలు దిగాయి. విద్యార్థులు అడ్డం వెళ్ళారు. కొందరిని పోలీసులు పట్టుకుపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ పిల్లలు అడిగింది ఉద్యోగం కాదు, సీటు కాదు, స్కాలర్‌షిప్ కాదు. చెట్లు, రాళ్ళు, కుంటలు, జింకలు. తెలుగునేల మీద విద్యార్థి రాజకీయం నేల గురించి ఇంత సూటిగా మాట్లాడటం నేను చూడగా అదే మొదలు. అప్పుడు నాకు ఈ రాష్ట్రం మీద కొత్త నమ్మకం కలిగింది.

ఆ నమ్మకంతోనే ఇంకొంచెం ముందుకు అడుగుతున్నాను. అడవిని కూల్చకండి అని అడిగిన గొంతు, కూల్చిన ఊరి సంగతి కూడా అడగాలి. ఒక పక్క గుట్టల్లో రాయి పగలగొట్టి కంకర చేస్తున్నారు, ఇంకో పక్క ఊళ్ళో ఉన్న కంకరను చెరువులో పోస్తున్నారు. ఈ రెండూ ఒకే లెక్కలోవి. రెండోది సరిచేస్తే మొదటిదాని అవసరం కొంతైనా తగ్గుతుంది. 2021లో సంగారెడ్డి దగ్గర ఐఐటీ హైదరాబాదులో ఒక పరిశోధక విద్యార్థి బృందం గడ్డి, చెరుకు పిప్పి వంటి పొలం చెత్తను సున్నంతో కలిపి పోసిన ఇటుకలతో కాపలాదారు గది కట్టి నిలబెట్టింది. చిన్న గదే. మన కాలేజీల్లో చెయ్యి, బుర్ర రెండూ ఉన్నాయనడానికి అది చాలు. లేనిది వేదిక. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాలకు 1980ల చివరి నుంచి ఎన్నికలు లేవు. ఇరవై ఏళ్ళ మనిషికి శాసనసభకు ఓటుంది, తన కాలేజీలో లేదు. గూండాల భయంతో మూసిన తలుపు అది. గూండాలు వేరే తలుపుల్లోంచి వచ్చేశారు. ప్రశ్న అడిగేవాళ్ళే బయట ఉండిపోయారు. ఆ ఎన్నికలు తిరిగి పెట్టాలి.

ఇల్లు బిల్డరుకు ఇస్తున్నవాళ్ళకు, ముఖ్యంగా మా కాలనీవాళ్ళకు, నా విన్నపం ఇది. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అందులో రెండు వాక్యాలు రాయించండి. ఫాల్స్ సీలింగు ముందే వేరుచేసి తీయాలి, మలబా మొత్తం జీడిమెట్లకో ఫతుల్లాగూడకో చేరినట్టు తూకం చీటీలు చూపించాలి అని. కొత్త ప్రహరీకి, పార్కింగులో పేవర్లకు, పునాది కింద పలచటి కాంక్రీటుకు ఆ కేంద్రాల సామగ్రే వాడాలని చెప్పండి. ప్రమాణం ఒప్పుకుంటుంది. సివిల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలూ, ఆ కేంద్రాల ఇటుకలు నాలుగు తెచ్చి మీ కాలేజీ ల్యాబులో నొక్కి చూడండి. వచ్చిన అంకె ఎంతైనా సరే, మీ కార్పొరేటర్ దగ్గరికి తీసుకెళ్ళి మన వార్డు రోడ్డు పనుల్లో ఇవి ఎంత శాతం వాడుతున్నారని అడగండి. 2016 నుంచి ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది.